సాక్షి లేని తీర్పు

ధనంజయను చంపింది పోలీసులు కాదు. మూడేళ్ళపాటు అడవిలో ఎవరితో కలిసి తిరిగాడో, ఎవరు వండింది తిని ఎవరి పక్కన పడుకున్నాడో, వాళ్ళే చంపారు. 1998 ఫిబ్రవరిలో వెలిగొండ అడవి అంచున, బస్సులు ఆగే చోట శవం దొరికింది. రొమ్ము మీద తెల్లకాగితం, అది ఎగిరిపోకుండా పైన చిన్న రాయి. కాగితం మీద ఎర్రసిరాతో రెండు వాక్యాలు రాసి ఉన్నాయి. "విప్లవద్రోహి, పోలీసు ఇన్ఫార్మరు ధనంజయకు ప్రజాకోర్టు విధించిన శిక్ష ఇది. ఇన్ఫార్మర్లందరికీ ఇదే గతి."

కబురు పోలీసులే అతని ఊరు నగరికి తెచ్చారు. అప్పుడు అతని తల్లి తిరుమలమ్మ పవర్లూమ్ షెడ్డులో నూలు కండెలు చుడుతోంది. మగ్గాల చప్పుడులో కానిస్టేబుల్ చెప్పింది ఆమెకు మొదట వినపడలేదు. అతను రెండోసారి గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది. ఆ అరుపు షెడ్డులో అందరికీ వినపడింది.

ఆస్పత్రి శవాలగది బయట, కూతురు నవీన చేత ఆ కాగితం చదివించుకుంది. ఒకసారి విని మళ్ళీ చదవమంది. భర్త మునస్వామి గోడకు ఆనుకుని కూలబడిపోయాడు. తిరుమలమ్మ మాత్రం కానిస్టేబుల్ వైపు తిరిగింది.

"ప్రజాకోర్టంటే యాడుండాది సామీ?"

"అడవిలోమ్మా. వాళ్ళదే కోర్టు, వాళ్ళదే రాజ్యం."

"జడ్జి ఎవురు?"

కానిస్టేబుల్ జాలిగా చూశాడు.

"సాచ్చి ఎవురు?" అని అడిగింది ఆమె. "నా కొడుకు పోలీసులకు సెప్పినాడని ఎవురు సూసినారు? మీకు సెప్పింటే మీకు తెలుస్తాది గదా. సెప్పినాడా?"

"మాకేం చెప్పలేదమ్మా," అన్నాడు కానిస్టేబుల్. తర్వాత అనకూడనిది అన్నట్టు చుట్టూ చూసి లోపలికి వెళ్ళిపోయాడు.

మునస్వామి ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు ధనంజయ. తిరుపతిలో చరిత్ర ఎమ్మే చదివాడు. ఒక సంవత్సరం వెనక నవీన కూడా అదే చదువుకు వచ్చింది. అక్కడ రాజారత్నం అనే లెక్చరరు ఉండేవాడు. ఆయన ఫ్రెంచి విప్లవం చెబుతుంటే పక్క డిపార్టుమెంట్ల పిల్లలు కూడా వచ్చి కిటికీల దగ్గర నిలబడి వినేవాళ్ళు. ఒకరోజు ఆయన పారిస్‌లోని విప్లవ ప్రభుత్వం 1794లో చేసిన చట్టం గురించి చెప్పాడు. ఆ చట్టం ప్రకారం నిందితుడికి వకీలు ఉండడు. న్యాయమూర్తులకు మనసులో నమ్మకం కుదిరితే సాక్షుల్ని పిలవక్కర్లేదు. తీర్పులు రెండే రకాలు, విడుదల లేదా మరణం. ఏడు వారాలు తిరక్కుండా ఆ ఒక్క నగరంలో పదమూడు వందల మందికి పైగా తలలు పోయాయి.

"చుట్టూ శత్రువులు కమ్ముకున్నప్పుడు పుట్టిన ప్రభుత్వం అది," అన్నాడు రాజారత్నం. "భయపడడమో భయపెట్టడమో, రెండిట్లో ఒకటి చెయ్యాలి. అది రెండోది ఎంచుకుంది. దాన్ని ఈ నాలుగు గోడల మధ్య కూర్చుని తప్పుపట్టడం తేలిక."

ధనంజయ లేచి నిలబడ్డాడు. "సార్, ఆ పదమూడు వందల మందిలో శత్రువులు ఎందరో ఎట్లా తెలుస్తుంది? సాక్షుల్నే పిలవలేదంటిరే."

క్లాసు నవ్వింది. రాజారత్నం కూడా నవ్వాడు. "మన దగ్గర విప్లవం వచ్చినాక నువ్వే జడ్జివి కా ధనంజయా," అన్నాడు.

రాజారత్నం, అడవిలో ఉండే నక్సలైటు పార్టీకి బయట పనిచేసే సంఘానికి తిరుపతిలో అధ్యక్షుడు. ఆయన గదికి వెళ్ళే పిల్లల్లో కొందరు తర్వాత కనిపించకుండా పోయేవాళ్ళని అందరికీ తెలుసు. చదువైన మరుసటి ఏడాది ధనంజయ కూడా అట్లాగే అడవికి వెళ్ళాడు. వెళ్ళేముందు చెల్లెలికి ఒక్కదానికే చెప్పాడు. "నీకు ఆ ప్రశ్న ఉండాది గదన్నా, మరి ఎందుకు పోతావు?" అని నవీన అడిగింది. "నాకు ప్రశ్న ఉండాదని లోకంలో అన్యాయం ఆగి కూసోదు గదమే. ఆడికి పోయి అడుగుతా," అన్నాడు.

అతను చనిపోయాక ఆ ఇంటికి రెండువైపులా తలుపులు మూసుకుపోయాయి. పోలీసులకు అది నక్సలైటు ఇల్లు. పార్టీని అభిమానించేవాళ్ళకు అది ద్రోహి ఇల్లు. వీధిలో అంతకుముందు ధనంజయ పేరు గర్వంగా చెప్పుకున్న కుర్రాళ్ళు ఇప్పుడు తల తిప్పుకుని పోయేవాళ్ళు. ఏటా జరిగే అమరుల సభలో, ఉద్యమంలో చనిపోయినవాళ్ళ పేర్లన్నీ చదివేవాళ్ళు. ధనంజయ పేరు చదివేవాళ్ళు కాదు. మునస్వామి షెడ్డుకు పోవడం మానేశాడు. "ఇన్ఫార్మరు నాయన" అని ఎవరో అన్నది చెవినపడ్డాక వీధిలోకి రావడం కూడా మానేశాడు. ఏడాది తిరక్కుండానే పోయాడు.

తిరుమలమ్మ ఏడవడానికి కూర్చోలేదు. కొడుకు పోయిన తేదీ వచ్చినప్పుడు పొద్దున బస్సెక్కి తిరుపతి వెళ్ళింది. రాజారత్నం ఇల్లు కనుక్కుని తలుపు తట్టింది.

"నేను ధనంజయ అమ్మని. సాచ్చి ఎవురు సార్?"

ఆయన ఆమెను కూర్చోమన్నాడు. కాఫీ ఇప్పించాడు. పార్టీకి తన పద్ధతులు ఉంటాయని, తనకు లోపలి సంగతులు తెలియవని చెప్పాడు. ఆమె కాఫీ ముట్టకుండా లేచి వచ్చేసింది. మరుసటి ఏడాది అదే తేదీకి మళ్ళీ వెళ్ళింది. ఈసారి ఆయన, యుద్ధంలో కొన్ని నిర్ణయాలు తొందరగా తీసుకోవాల్సి వస్తుందన్నాడు. మూడో ఏడు, "అమ్మా, నేనూ అడిగాను, జవాబు రాలేదు," అన్నాడు. "అయితే ఇంకొంచెం గెట్టిగా అడగండి సార్," అని చెప్పి వచ్చింది తిరుమలమ్మ.

నవీనకు అప్పటికి పుత్తూరులో జూనియర్ కాలేజీలో ఉద్యోగం దొరికింది. "ఎందుకుమా ఆయన ఇంటిసుట్టూ తిరుగుతావు? వాళ్ళు సెప్పరు," అనేది.

"సెప్పకపోతే పోనీ. మరిసిపోతే మాత్రం ఒప్పుకోను," అనేది తల్లి.

2001లో ఒక ఆదివారం మధ్యాహ్నం, భుజాన కంబళి వేసుకున్న మనిషి ఒకడు వాళ్ళ ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. పేరు పెంచలయ్య. వెలిగొండ దాపున ఒక పల్లెలో మేకలు మేపుకునేవాడు. గడప దాటి లోపలికి రాలేదు. వాకిట్లోనే కూలబడి తలొంచుకుని చెప్పాడు.

"నన్నే సంపాలనుకున్నారమ్మా ముందు. నేను మేకల్ని అమ్మేదానికి టౌనుకి పోయిన మర్సనాడు పోలీసులొచ్చి అడివిలో ఉండేవాళ్ళ మీద పడ్నారు. నేనే సెప్పినానని చెట్టుకు కట్టేసినారు. మీ అబ్బాయి అడ్డం పడినాడు. ఈడు స్టేషన్లోకి పోతావుంటే సూసినోడు ఎవుడు, రమ్మనండి, అన్నాడు. ఊరందర్నీ పిలిపించినాడు. ఎవురూ సూడలేదు. ఎట్ల సూస్తారు, నేను పోతే గదా? సాయంత్రం దాకా వాదించి నన్ను ఇప్పించినాడు."

నవీన నీళ్ళు తెచ్చి ఇచ్చింది. అతను చెంబు పట్టుకునే ఉన్నాడు, తాగలేదు.

"ఇన్ఫార్మర్ని ఇడిపించినోడు గూడా ఇన్ఫార్మరే అనుకున్నారేమో. పదైదు దినాలకి, తెల్లారి నేను పాలు తీసుకుని పోతావుంటే, వాళ్ళ పెద్దాయన ఆ అబ్బాయిని, 'ఇట్ల రా, మాట్లాడాల' అని పక్కకు పిల్సినాడు. ఈయన పండ్లు తోముకుంటా ఉండినాడు. అట్లనే లేసి పోయినాడు. రెండు తూటాలు పేలినాయి. కోర్టూ లేదు ఏమీ లేదమ్మా. ఆడ నలుగురే ఉండిరి. నేను పొదసాటున పడుకోనుంటి. మూడేండ్లు పట్టింది నాకు ఈడికి వచ్చేదానికి. బయమమ్మా. నాకూ పిల్లోళ్ళు ఉండారు."

తిరుమలమ్మకు కోపం వచ్చిందో, కడుపు నిండిందో నవీనకు అర్థం కాలేదు. తల్లి లేచి అన్నం వడ్డించింది. "తిను నాయనా. నా కొడుకు నిలబెట్టిన పానం నీది," అంది. అతను తినడం మొదలుపెట్టాక అడిగింది. "నేను పిల్సినప్పుడు వచ్చి ఈ మాట నలుగుర్లో సెప్తావా?"

పెంచలయ్య ముద్ద దించేశాడు. "సంపుతారమ్మా."

"సంపుతారేమో. ఆలోసించుకో. నేనైతే పిలుస్తా."

2004లో ప్రభుత్వం, పార్టీ మాట్లాడుకోవడానికి ఒప్పుకున్నాయి. తుపాకులు కొన్ని నెలలు ఆగాయి. అంతవరకు పేర్లు మాత్రమే తెలిసిన నాయకులు అడవి నుంచి బయటికి వచ్చి, మైకుల ముందు మాట్లాడారు. వాళ్ళకు అర్జీలిచ్చుకోవడానికి జనం బారులు తీరారు. నవంబరులో నిశాంత్ అనే నాయకుడు తిరుపతికి వస్తున్నాడని పేపర్లో పడింది. బస్టాండు దగ్గర ఒక కల్యాణమండపంలో ప్రజల సమస్యలు వింటాడు, సభ రాజారత్నం నడుపుతాడు అని రాశారు. నిశాంత్ వెలిగొండ దళాలకు చాలా ఏళ్ళు పెద్దగా ఉన్నాడని అందరికీ తెలుసు.

తిరుమలమ్మ పెంచలయ్యకు ఉత్తరం రాయించింది. జవాబు రాలేదు.

ఆరోజు మండపం కిక్కిరిసిపోయింది. కార్వేటినగరం నుంచి మామిడి రైతులు వచ్చారు. జ్యూస్ ఫ్యాక్టరీలు కాయను వారాల తరబడి గేటు బయటే లారీల్లో కుళ్ళబెడుతున్నాయని వాళ్ళ గోడు. నగరి నుంచి వచ్చిన మగ్గాలవాళ్ళు కరెంటు కోతల గురించి అర్జీ తెచ్చారు. తిరుమలమ్మను చూసి వాళ్ళు పక్కకు జరిగారు. ఆమె అదే వరసలో నిలబడింది. వెనక నవీన. వేదిక మీద నిశాంత్ కూర్చుని ఉన్నాడు. నలభై అయిదేళ్ళుంటాయి. బక్కపలచని మనిషి, కళ్ళద్దాలు. ఒక్కొక్క అర్జీ తీసుకుని శ్రద్ధగా చదువుతున్నాడు. నిజంగానే వింటున్నాడు. అది చూసి నవీనకు ఎందుకో కష్టంగా అనిపించింది. ఆయన చెడ్డవాడిలా కనబడితే బాగుండేదనుకుంది.

తిరుమలమ్మ వంతు వచ్చింది. రాజారత్నం ఆమెను చూసి మొహం దించుకున్నాడు.

"మీ సమస్య చెప్పండమ్మా," అన్నాడు నిశాంత్.

"నా పేరు తిరుమలమ్మ. ధనంజయ అమ్మని. మీరు సంపిన ధనంజయ."

మైకు ఆమె ముందే ఉంది. మాట హాలు చివరి దాకా వెళ్ళింది. నిశాంత్ చేతిలో కాగితం కింద పెట్టాడు.

"అమ్మా, మీ బాధ అర్థమవుతోంది. పక్కగదిలో కూర్చుని మాట్లాడదాం రండి."

"నేను పక్కకు రాను. మాట్లాడాల రా అని నా కొడుకునీ పక్కకే పిల్సినారు. ఈడనే సెప్పండి. మీ ప్రజాకోర్టులో సాచ్చి ఎవురు?"

వాలంటీరు ఒకడు మైకు తీయబోయాడు. తిరుమలమ్మ దాని మెడ పట్టుకుంది, వదల్లేదు.

"చూడండమ్మా," అన్నాడు నిశాంత్. గొంతు పెంచలేదు. "అడవిలో మేము ఒక ప్రజాప్రభుత్వం నడుపుతున్నాం. దాన్ని పుట్టకముందే చంపాలని రోజూ ప్రయత్నం జరుగుతోంది. ఒక్క ఇన్ఫార్మరు వల్ల పదిమంది చనిపోయిన సందర్భాలున్నాయి. అలాంటప్పుడు మామూలు కోర్టుల్లో లాగా వాయిదాలు వేసుకుంటూ కూర్చోలేం."

"ప్రబుత్వమంటిరి గదా. మంచిది. మా నగరి తాలూకాఫీసులో ఎనుము సచ్చినా ఒక కాయితం రాస్తారు నాయనా. ఎవుర్ది, ఎప్పుడు సచ్చె, ఎట్ల సచ్చె, ఎవురు సూసిరి అని. నా కొడుకుని సంపినదానికి మీ ప్రబుత్వంలో ఒక్క కాయితం లేదా? శవం మీద పెట్టేదానికి మాత్రం కాయితం దొరికెనా?"

మామిడి రైతుల్లో ఎవరో "అడిగేదాంట్లో తప్పేముందబ్బా," అన్నాడు. ఇంకెవరో "కూర్చోవమ్మా, ద్రోహులకు ఇక్కడ చోటు లేదు," అని అరిచాడు. నవీన అరిచినవాడి వైపు తిరగలేదు. రాజారత్నం వైపు తిరిగింది.

"సార్, మీరు మాకు పారిస్ చట్టం చెప్పినారు. సాక్షులు అక్కర్లేదనే చట్టం. ఆరోజు మా అన్న మిమ్మల్ని ఒక ప్రశ్న అడిగినాడు, మీరు నవ్వినారు. ఇప్పుడు నవ్వండి సార్."

రాజారత్నం నవ్వలేదు.

అప్పుడు వెనక నుంచి ఒక గొంతు వినపడింది. "సాచ్చి నేనుండా."

పెంచలయ్య జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చాడు. వేదిక ముందు నిలబడి, తనను చెట్టుకు కట్టిన దగ్గర నుంచి తూటాల దాకా చెప్పాడు. మధ్యలో రెండుసార్లు మాట ఆగిపోయింది. ఆగినప్పుడల్లా తిరుమలమ్మ "సెప్పు నాయనా," అంది. చివర, "పక్కకు పిల్సింది ఈయనే," అని నిశాంత్ వైపు చెయ్యి చూపించి కింద కూర్చుండిపోయాడు.

నిశాంత్ కళ్ళద్దాలు తీసి పట్టుకున్నాడు. "ధనంజయ విషయంలో పొరపాటు జరిగి ఉండవచ్చు. కమిటీలో పరిశీలిస్తాం," అన్నాడు.

"ఉండవచ్చు అంటే? జరిగిందా, లేదా?"

అప్పుడు రాజారత్నం లేచి నిలబడ్డాడు.

"విచారణ జరగలేదు. నాకు తెలుసు. ఆ వారమే తెలుసు. ఆరేళ్ళుగా ఈమె నా ఇంటికొస్తోంది, నేను అబద్ధాలు చెబుతున్నాను. ధనంజయ ఇన్ఫార్మరు కాడు. అడగకూడనిది అడిగాడు, అంతే."

వేదిక మీద ఉన్నవాళ్ళలో ఒకడు ఆయన చొక్కా పట్టి లాగాడు. ఆయన కూర్చోలేదు. ఇప్పుడు హాలంతా నిశాంత్ వైపే చూస్తోంది. ఆయన లేచి మైకు దగ్గరికి వచ్చాడు. తిరుమలమ్మకు, ఆయనకు మధ్య జానెడు దూరం.

"ధనంజయ ఇన్ఫార్మరు అనడానికి మా దగ్గర ఆధారం లేదు," అన్నాడు.

"ఇంకోసారి సెప్పండి. ఆ కడాన ఉండేవాళ్ళకి ఇనపడాల."

ఆయన ఇంకోసారి చెప్పాడు. గట్టిగానే చెప్పాడు.

"ఆ నిర్ణయం ఎవురిది?"

"నాది."

తిరుమలమ్మ ఆయన మొహంలోకి చూసింది. ఆరేళ్ళుగా ఆమె ఊహించుకున్న మనిషి వేరు. ఈయన కళ్ళ కింద నల్లటి చారలున్నాయి, చొక్కా కాలరు చిరిగి కుట్టి ఉంది.

"సరే," అంది. "మీ యుద్దం ఎప్పుడో అయిపోతాది. అయినాక మీరు కోర్టుకి రావాల. ఏ రాజ్యం పెట్టిన కోర్టైనా సరే. సాచ్చిని పిల్సే కోర్టు కావాల, మీకు వకీలుండే కోర్టు కావాల. ఆడ నిలబడి నాకు జవాబు సెప్పాల. నేనైతే వస్తా. మీరు రండి."

మైకు వదిలేసింది. పెంచలయ్యను చెయ్యి పట్టి లేపి, కూతురితో కలిసి బయటికి నడిచింది. నగరి మగ్గాలవాళ్ళు దారి ఇచ్చారు. వాళ్ళలో ఒక ముసలాయన, మునస్వామితో పాటు మగ్గం నేసినవాడు, "ధనంజయ మన బిడ్డేమ్మా," అన్నాడు. ఆమె ఆగి, "ఆరేండ్లు పట్టిందన్నా నీకు ఆ మాట అనేదానికి," అని ముందుకు వెళ్ళిపోయింది.

రాజారత్నాన్ని ఆ వారమే సంఘం నుంచి తీసేశారు. పార్టీ ప్రకటన ఏదీ రాలేదు. నగరిలో మాత్రం ఎవరూ ఆ ఇంటిని మళ్ళీ ద్రోహి ఇల్లు అనలేదు.

జనవరిలో చర్చలు చెడిపోయాయి. మళ్ళీ తుపాకులు పేలడం మొదలైంది. ఆ రోజుల్లోనే ఒక ఇన్‌స్పెక్టరు తిరుమలమ్మ ఇంటికి వచ్చాడు. మర్యాదగా మాట్లాడాడు. తీవ్రవాదుల చేతిలో బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులతో చిత్తూరులో పత్రికల సమావేశం పెడుతున్నామని, ధనంజయ ఫొటోతో పోస్టర్లు వేస్తామని, ఆమె వచ్చి మాట్లాడితే చాలని అన్నాడు.

"ఏం మాట్లాడాల సార్?"

"మండపంలో మాట్లాడిందే అమ్మా. విచారణ లేకుండా మీ అబ్బాయిని చంపారని."

"మాట్లాడతా. పోయిన నెల మీరు అడవిలో ఇద్దరు పిల్లోళ్ళని సంపినారు గదా. ఎదురుకాల్పులని పేపర్లో ఏసినారు. వాళ్ళని యా జడ్జి ముందర నిలబెట్టినారో అదీ అడుగుతా. అడగొచ్చునా?"

ఇన్‌స్పెక్టరు లేచాడు. "వాళ్ళు మీ కొడుకుని చంపినవాళ్ళమ్మా."

"ఎట్ల తెలుసు సార్ మీకు? సాచ్చి ఉండాడా?"

ఆయన మళ్ళీ రాలేదు. పోస్టర్లు మాత్రం వేశారు. ధనంజయ ఫొటో పెట్టి, కింద ఏవో రాశారు. నగరి బస్టాండులో అది కనిపించగానే తిరుమలమ్మ పట్టపగలు అందరూ చూస్తుండగా గోళ్ళతో గీకి చించేసింది. స్టేషనుకు పిలిచారు. వెళ్ళింది. "నా కొడుకు బొమ్మ. నన్ను అడగకుండా ఎవురూ ఏడా అంటించకూడదు," అంది. పొద్దుగూకే దాకా బెంచీ మీద కూర్చోబెట్టి పంపేశారు.

2006 ఎండాకాలంలో పేపరు మొదటి పేజీలో నిశాంత్ ఫొటో వచ్చింది. కళ్ళద్దాలు లేవు. ఎదురుకాల్పుల్లో చనిపోయాడని పోలీసులు, ముందురోజు బస్సులోంచి దించి పట్టుకుపోయారని జనం. అసలు పేరు ఆదికేశవులు. సొంతూరు కార్వేటినగరం దగ్గర పల్లె. మామిడి తోటలున్న కుటుంబం. తల్లి నాగరత్నమ్మ ఒక్కతే ఉంది.

నవీన పేపరు మడిచి దాచబోయింది. తిరుమలమ్మ తీసుకుని ఫొటో చూసింది. ఆమె మొహం ఎర్రబడింది.

"నాకు జవాబు సెప్పాల్సిన మనిసి," అంది. "వీళ్ళెవురు మద్దెలో వాణ్ణి సంపేదానికి?"

మరుసటి వారం, హక్కుల సంఘం వాళ్ళు నాగరత్నమ్మ తరఫున కోర్టులో వేయడానికి అర్జీ తయారు చేస్తున్నారని రాజారత్నం కబురు చెప్పాడు. తల్లీ కూతుళ్ళు పుత్తూరు మీదుగా బస్సు పట్టుకుని కార్వేటినగరం వెళ్ళారు. ఆ పల్లెలో ఇంటిముందు పోలీసు జీపు ఉంది. వసారాలో ఒక లాయరు కుర్చీలో కూర్చుని రాస్తున్నాడు. గోడవారన నాగరత్నమ్మ కూర్చుని ఉంది. వచ్చింది ఎవరో తెలియగానే ఆమె లేచి, రెండు చేతులూ జోడించింది.

"మావోడు నీ బిడ్డని..." అంది. మాట పూర్తి చేయలేకపోయింది.

"అవునక్కా. సంపినాడు. నా ముందర ఒప్పుకున్నాడు," అంది తిరుమలమ్మ. "నేను తిట్టేదానికి రాలేదు, ఓదార్చేదానికీ రాలేదు. సంతకం పెట్టేదానికి వచ్చినా. నీ కొడుకుని కోర్టులో నిలబెట్టాల్సిన మనిసిని నేను. ఆ హక్కు వీళ్ళు తీసేసినారు."

లాయరు సంతోషంగా కాగితాలు ఇటు తిప్పాడు. తిరుమలమ్మ పెన్ను తీసుకోలేదు. కూతురి చేత మొత్తం చదివించుకుంది. ఆదికేశవులును పట్టుకున్నది, కోర్టులో పెట్టనిది, చంపింది అన్నీ ఉన్నాయి.

"ఇంకో మాట రాయండి," అంది. "ఈయన ధనంజయని యిచారణ లేకుండా సంపించినాడని, దానికి ఈయన్ని యిచారించాల్సి ఉండిందని రాయండి."

లాయరు తటపటాయించాడు. "అమ్మా, అది రాస్తే మన కేసే బలహీనపడుతుంది. చనిపోయినాయన మీద మనమే నేరం మోపినట్టవుతుంది. పోలీసులకు అదే కావాలి."

"పోలీసులకేం కావాల్నో నాకెందుకు సార్? మంచోడైతేనే కోర్టులో నిలబెట్టాలా? నేరం చేసినోణ్ణే గదా నిలబెట్టేది? రెండూ రాయండి. ఒకటి రాసి ఒకటి దాస్తే నేను సంతకం పెట్టను."

లాయరు నాగరత్నమ్మ వైపు చూశాడు. ఆ ముసలామె పైట చెంగుతో మొహం తుడుచుకుంది. కొడుకు ఇల్లు వదిలి ఇరవై రెండేళ్ళయింది. ఈ మధ్యలో రెండుసార్లే చూసింది. ఆమె ఏం ఆలోచించిందో ఎవరికీ తెలియదు.

"రాయి నాయనా," అంది. "ఆయమ్మ సెప్పింది నిజమే గదా. రాయి."

లాయరు రాశాడు. కింద ముందు నాగరత్నమ్మ వేలిముద్ర వేసింది. తిరుమలమ్మ కూడబలుక్కుంటూ తన పేరు రాసింది. సాక్షి అన్నచోట నవీన సంతకం చేసింది.

బయటికి వస్తుంటే జీపు దగ్గర నిలబడ్డ ఇన్‌స్పెక్టరు గుర్తుపట్టాడు. నగరి ఇంటికి వచ్చినవాడే. "ఏమ్మా, కొడుకుని చంపినోడి కోసం కేసు వేస్తున్నావా? లోకంలో ఎక్కడైనా ఉంటుందా ఇది?"

"లేకపోతే ఇప్పుడు ఉంటాది సార్," అంది తిరుమలమ్మ. "పిలుస్తారు మిమ్మల్ని. కోర్టుకి రండి. మీకూ వకీలుంటాడు, బయపడొద్దండి."

రోడ్డు మీద పుత్తూరు బస్సు హారను వినిపించింది. ఆమె చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టి పరుగులాంటి నడకతో బయల్దేరింది. నవీన వెనకనుంచి "మెల్లిగామా" అంటున్నా వినకుండా, రోడ్డు మధ్యలో నిలబడి చెయ్యి అడ్డం పెట్టి బస్సు ఆపింది.